ఇంప్లాంట్ గట్టిగానే ఉంది, చుట్టూ ఎముకే కరిగిపోతోంది

పోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూకు, అంటే ఇంప్లాంట్‌కు, పిప్పి పట్టదు. ఈ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. ఇంప్లాంట్లు వేయించుకున్నవాళ్లను ఏమరుపాటులో పడేసేదీ ఈ నిజమే. మా పెద్దమ్మ కింది దవడలో కుడివైపు పక్కపక్కనే రెండు ఇంప్లాంట్లు వేయించుకుని ఏడేళ్లయింది. మిగతా పళ్లను శ్రద్ధగానే తోముకునే మనిషి, ఆ రెండింటి దగ్గరకు వచ్చేసరికి బ్రష్‌ను మొక్కుబడిగా తిప్పి వదిలేసేది. "ఇనుప పన్నుకు ఏమవుతుందిరా" అనేది. నిరుడు ఒకరోజు అక్కడి చిగురును వేలితో నొక్కితే చీము చుక్క బయటికి వచ్చింది కాబట్టి డాక్టరు దగ్గరకు వెళ్లింది గానీ, లేకపోతే వెళ్లేదే కాదు. ఎక్స్‌రేలో చూస్తే వెనక ఇంప్లాంట్ చుట్టూ ఎముక చిన్న గిన్నెలా గుంటపడి ఉంది. స్క్రూ చుట్లలో పై నాలుగింటికీ ఎముక ఆసరా లేదు. అయినా ఆ పన్ను పిసరంత కూడా కదలడం లేదు. నొప్పి లేదు. ముందు రోజు దాకా ఆమె దానితోనే జంతికలు నమిలింది.

ఈ జబ్బు పేరు పెరి-ఇంప్లాంటైటిస్. దీని చికిత్స గురించి వాకబు చేసేవారికి లేజర్ అనీ, ఎముక పొడి అనీ, యాంటీబయాటిక్ జెల్ అనీ బోలెడు మాటలు వినిపిస్తాయి. చిగురు కింద చేరిన సూక్ష్మజీవులను చంపడం నిజానికి అంత కష్టం కాదు. అవి కాపురం పెట్టిన గరుకు లోహాన్ని పూర్తిగా కడగడమే కష్టం. చికిత్సలోని చిక్కుముడులన్నీ చివరికి అక్కడికే వచ్చి చేరతాయి.

పన్ను వేరు, స్క్రూ వేరు

స్వీడన్‌కు చెందిన పెర్-ఇంగ్వర్ బ్రోనెమార్క్ 1952లో కుందేలు ఎముకలో రక్తప్రసరణను గమనించడానికి టైటానియంతో చేసిన చిన్న పరికరాన్ని అమర్చి, ప్రయోగం ముగిశాక దాన్ని ఊడదీయబోతే అది రాలేదు. ఎముక ఆ లోహాన్ని అంటిపెట్టుకుని పెరిగింది. ఆ బంధాన్నే తర్వాత ఆసియోఇంటిగ్రేషన్ అన్నారు. 1965లో గోస్టా లార్సన్ అనే వ్యక్తికి బ్రోనెమార్క్ అమర్చిన ఇంప్లాంట్లు ఆయన 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లు, పనిచేశాయి. కాబట్టి ఇంప్లాంట్ దీర్ఘకాలం నిలవదేమోనన్న అనుమానానికి ఆధారం లేదు. అయితే ఎముకతో కుదిరిన ఈ గట్టి బంధమే జబ్బు చేసినప్పుడు దాన్ని మన కంటపడనివ్వదు.

సహజమైన పన్ను ఎముకలో నేరుగా పాతుకుని ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య పావు మిల్లీమీటరు అటూఇటూ మందం ఉండే ఒక నారపొర ఉంటుంది. దానిలోని కొలాజెన్ పోగులు ఒక చివర వేరులోకి, మరో చివర ఎముకలోకి నాటుకుని, పన్నును ఊయలలా పట్టుకుంటాయి. నాడుల కొసలూ రక్తనాళాలూ ఆ పొరలోనే ఉంటాయి. అందుకే అన్నంలో ఇసుక రేణువు పడినా పన్ను ఠక్కున పసిగడుతుంది. చిగుళ్ల జబ్బు ముదిరితే పన్ను వదులై, కదిలి, ముందుగానే హెచ్చరిస్తుంది. ఇంప్లాంట్‌కు ఆ నారపొర లేదు. ఎముక నేరుగా లోహాన్ని పట్టుకుంటుంది కాబట్టి, పది మిల్లీమీటర్ల స్క్రూలో కింది మూడు నాలుగు మిల్లీమీటర్ల దగ్గర ఎముక పట్టు మిగిలి ఉన్నా అది రాయిలా నిలబడుతుంది. ఇంప్లాంట్ కదిలిందంటే పట్టు మొత్తం పోయిందనే లెక్క. అప్పుడిక చికిత్స గురించి మాట్లాడవలసిన పని ఉండదు, దాన్ని తీసేయవలసిందే.

చిగురు దగ్గరా ఇదే తేడా. పన్ను మెడ చుట్టూ ఉన్న చిగురు పోగులు పంటిలోకి అడ్డంగా గుచ్చుకుని, సూక్ష్మజీవులు కిందికి దిగకుండా కట్టగా పనిచేస్తాయి. ఇంప్లాంట్ చుట్టూ ఉన్న పోగులు బండి చక్రానికి బిగించిన పట్టాలా చుట్టుకుని ఉంటాయే తప్ప లోహంలోకి దిగలేవు. రక్తప్రసరణ కూడా అక్కడ తక్కువ. 2014లో ప్రచురితమైన ఒక స్వీడిష్ పరిశోధనలో చిగుళ్ల జబ్బు ఉన్న 40 మంది నుంచీ, ఇంప్లాంట్ చుట్టూ జబ్బు ఉన్న మరో 40 మంది నుంచీ తీసిన కణజాలాన్ని మైక్రోస్కోపు కింద పోల్చి చూశారు. ఇంప్లాంట్ దగ్గర వాపు ఆక్రమించిన ప్రాంతం పన్ను దగ్గరి ప్రాంతం కంటే రెట్టింపును మించి ఉంది. పైగా పన్ను దగ్గర వాపుకూ ఎముకకూ నడుమ ఆరోగ్యకరమైన కణజాలం తెరలా అడ్డం నిలిస్తే, ఇంప్లాంట్ దగ్గర ఆ తెర కనిపించలేదు. ఇంప్లాంట్ చుట్టూ మొదలైన ఎముక నష్టం ఒకే వేగంతో సాగక, పోనుపోను వేగం పుంజుకోవడానికి ఇదంతా కొంతవరకు కారణమని అర్థం చేసుకోవచ్చు.

ఎముక పోకముందు ఒక మజిలీ ఉంది

ఇంప్లాంట్ చుట్టూ వచ్చే జబ్బులకు అందరూ అంగీకరించిన నిర్వచనాలు చాలాకాలం లేవు. ఒక్కొక్క పరిశోధకుడు ఒక్కొక్క గీత గీసుకోవడం వల్ల, జబ్బు ఎంతమందికి వస్తుందో చెప్పే అంకెలకు పొంతన ఉండేది కాదు. 2015లో పాత అధ్యయనాలన్నింటినీ కలిపి లెక్కవేసినప్పుడు, కేవలం చిగురు వాపు దశలో ఉన్నవారు సగటున 43 శాతం, ఎముక పోవడం మొదలైనవారు 22 శాతం అని తేలింది గానీ, ఆ 22 శాతం వెనక ఉన్న అధ్యయనాలు ఒక శాతం నుంచి 47 శాతం దాకా పరచుకుని ఉన్నాయి. 2017లో అమెరికా, ఐరోపా చిగుళ్ల వైద్య సంఘాలు షికాగోలో సమావేశమై ఈ గందరగోళాన్ని చాలావరకు తీర్చాయి.

ఆ నిర్వచనాల ప్రకారం మొదటి దశ మ్యుకోసైటిస్. చిగురు ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, సున్నితంగా తాకితే రక్తం వస్తుంది, కానీ కింద ఎముక చెక్కుచెదరదు. రెండో దశ పెరి-ఇంప్లాంటైటిస్. దీనిలో వాపుతో పాటు చిగురుకూ ఇంప్లాంట్‌కూ మధ్య సందు లోతవుతుంది, ఎముక క్రమంగా తగ్గిపోతుంది. మొదటి దశ పూర్తిగా నయమవుతుంది. రెండో దశను ఆపగలం, అదృష్టం కలిసివస్తే కొంత పూడ్చగలం. మొదటి రోజున ఉన్న ఎముకను తిరిగి తెస్తామని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. రోగికి డాక్టరు చెప్పవలసిన మాటల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదేనని నా అభిప్రాయం. చాలాసార్లు అన్నిటికంటే ఆలస్యంగా చెప్పేదీ ఇదే.

ఏ దశలో ఉందో తేల్చే పరీక్ష చూడటానికి చాలా చిన్నది. మిల్లీమీటరు గుర్తులున్న సన్నని ప్రోబ్‌ను చిగురుకూ ఇంప్లాంట్‌కూ మధ్య సందులోకి దించుతారు. పాతిక గ్రాముల బరువు మోపినంత ఒత్తిడి చాలు, అంతకు మించకూడదు. ఒక్కో ఇంప్లాంట్ చుట్టూ ఆరు చోట్ల అలా కొలిచి, కొద్ది క్షణాలు ఆగి చూస్తారు. ఎక్కడైనా రక్తం ఊరిందా, చీము వచ్చిందా, పోయినసారి కంటే ప్రోబ్ లోతుకు దిగిందా అన్నవే ప్రశ్నలు. పెద్దమ్మ వెనక ఇంప్లాంట్ దగ్గర ప్రోబ్ ఎనిమిది మిల్లీమీటర్లు దిగింది. ఇంప్లాంట్‌ను ప్రోబ్‌తో తాకితే పాడైపోతుందని భయపడి కొలవకుండా వదిలేసే పద్ధతి ఒకప్పుడు ఉండేది. ఆ భయానికి ఆధారం లేదు, కొలవకపోవడం వల్లే నష్టం.

ఎక్స్‌రే సంగతి వేరు. ఒక్క ఎక్స్‌రే ఈరోజు ఎముక ఎక్కడుందో చెబుతుంది గానీ, ఎక్కడి నుంచి ఎక్కడికి దిగిందో చెప్పలేదు. ఇంప్లాంట్ వేసిన మొదటి ఏడాదిలో ఎముక కుదురుకునే క్రమంలో కొంచెం తగ్గడం సహజమే. అందుకని స్క్రూ మీద పన్ను ఆకారపు క్యాప్ బిగించిన రోజున ఒక ఎక్స్‌రే తీసి దాచుకోవాలి. ఆ తర్వాతి ప్రతి పోలికకూ అదే కొలబద్ద. ఆ పాత ఎక్స్‌రే లేనివారి కోసం 2017 నిర్వచనం ఒక ప్రత్యామ్నాయాన్ని ఇచ్చింది: రక్తంగానీ చీముగానీ రావడం, సందు లోతు ఆరు మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉండటం, ఇంప్లాంట్‌లో ఎముక లోపల ఉండవలసిన భాగపు పై అంచు నుంచి ఎముక మూడు మిల్లీమీటర్లు లేదా అంతకంటే కిందికి దిగి ఉండటం, ఈ మూడూ కలిస్తే పెరి-ఇంప్లాంటైటిస్ అని నిర్ధారించవచ్చు. ఈ గీత దాటేసరికి జబ్బు చాలా దూరం నడిచి ఉంటుందన్నది వేరే సంగతి.

కారణం పాచి, తోడుదొంగలు చాలా

మూల కారణం పళ్లమీద చేరే పాచే. శుభ్రం చేయకుండా మూడు వారాలు వదిలేస్తే ఇంప్లాంట్ చుట్టూ చిగురు వాస్తుందని స్వచ్ఛందంగా బ్రష్ మానేసినవారి మీద చేసిన ప్రయోగాల్లో రుజువైంది. మళ్లీ తోమడం మొదలుపెడితే వాపు తగ్గుతుంది, అయితే మామూలు పన్ను దగ్గర తగ్గినంత త్వరగా తగ్గదు. మూడు వారాలు చాలకపోవచ్చు. ఇంతకుముందు చిగుళ్ల జబ్బుతో పళ్లు పోగొట్టుకున్నవారికి ప్రమాదం ఎక్కువ. ఇంప్లాంట్ వేయించుకునేవారిలో వాళ్లూ చాలామంది ఉండటం ఇందులోని విడ్డూరం. పన్ను పోయింది కదా అని నోటిలోని సూక్ష్మజీవులు వలస పోవు. పక్క పళ్ల సందుల్లోంచి కొత్త స్క్రూ మీదికి చేరుకుంటాయి.

పొగాకు గురించీ మధుమేహం గురించీ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఇవి పెరి-ఇంప్లాంటైటిస్‌కు సొంతంగా కారణమవుతాయని తేల్చడానికి ఆధారాలు ఒకే దిశలో లేవని 2017 సమావేశమే ఒప్పుకుంది. అలాగని వాటిని పట్టించుకోనవసరం లేదని కాదు. పొగతాగేవారిలో, షుగరు అదుపులో లేనివారిలో చిగుళ్ల జబ్బు ముదరడం, కోసిన చోట పుండు ఆలస్యంగా మానడం ఎప్పటి నుంచో తెలిసిన సంగతులే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు లెక్కగట్టింది. కాబట్టి మన దగ్గర చిగుళ్ల సర్జరీకి ముందు, రెండు మూడు నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష రాయించడం అతిజాగ్రత్త కాదు.

రోగి చేతిలో లేని కారణాలు రెండున్నాయి, వాటి మీద నాకు కోపం ఎక్కువ. ఒకటి సిమెంటు. క్యాప్‌ను స్క్రూతో బిగించకుండా సిమెంటుతో అతికించినప్పుడు, అదనపు సిమెంటు చిగురు కిందికి జారి గట్టిపడుతుంది. అది గరుకుగా ఉండి పాచికి గూడు కట్టిపెడుతుంది, పైనుంచి చూస్తే కనబడదు, అన్ని సిమెంట్లూ ఎక్స్‌రేలో తెలియవు. 2009లో అమెరికాలో థామస్ విల్సన్ సన్నని ఎండోస్కోపును సందులోకి పంపి చూస్తే, జబ్బు చేసిన ఇంప్లాంట్లలో 81 శాతం దగ్గర మిగిలిపోయిన సిమెంటు కనిపించింది. దాన్ని తీసేసిన తర్వాత నాలుగింట మూడు వంతుల వరకు వాపు లక్షణాలు పోయాయి. చిన్న అధ్యయనమే అయినా, చికిత్సకు ముందు సిమెంటు కోసం వెతకడం ఎందుకు అవసరమో చెప్పడానికి అది చాలు.

రెండోది క్యాప్ ఆకారం. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న స్క్రూ మీద పది మిల్లీమీటర్ల వెడల్పున్న దవడ పన్నును నిలబెట్టాలంటే ఆ విస్తరణ ఎక్కడో ఒకచోట జరగాలి. చిగురు దాటుతూనే క్యాప్ పుట్టగొడుగులా ఒక్కసారిగా విచ్చుకుంటే, దాని గొడుగు కిందికి ఏ బ్రష్షూ వెళ్లలేదు. క్యాప్ పక్కగోడ 30 డిగ్రీల కంటే ఎక్కువ కోణంలో వాలితే జబ్బు ఎక్కువగా కనిపిస్తుందని కొన్ని రకాల ఇంప్లాంట్ల మీద జరిగిన పరిశీలన చెబుతోంది. శుభ్రం చేయడానికి వీల్లేని పన్ను కట్టి, "మీరు సరిగా తోమడం లేదు" అని రోగిని నిందించడం న్యాయం కాదు.

కోతకు ముందు చేయవలసినవి

ఐరోపా చిగుళ్ల వైద్య సమాఖ్య 2023లో వెలువరించిన చికిత్సా మార్గదర్శకాలు మెట్లు మెట్లుగా సాగుతాయి. మ్యుకోసైటిస్ దశలో చికిత్స రెండు ముక్కలు: రోగికి శుభ్రం చేసుకోవడం నేర్పడం, డాక్టరు పాచినీ గారనూ తొలగించడం. యాంటీబయాటిక్ మాత్రలు ఈ దశలో వాడవద్దని ఆ పత్రం స్పష్టంగా చెబుతోంది.

ఎముక పోవడం మొదలైనా మొదటి మెట్టు అదే, కాకపోతే మరింత లోతుగా. వీలైతే క్యాప్‌ను ఊడదీస్తారు. పెద్దమ్మ విషయంలో ఇక్కడే ఒక పూట గడిచిపోయింది. ఆమెకు ఇంప్లాంట్ వేసిన క్లినిక్ మూతపడింది, ఇంప్లాంట్ వివరాలు రాసిచ్చే కార్డు లేదు, ఏ కంపెనీదో తెలియదు. ఒక్కో కంపెనీ స్క్రూకు ఒక్కో రకం తల, దానికి సరిపోయే స్క్రూడ్రైవరు ఉంటాయి. సిమెంటుతో అతికించిన క్యాప్ మధ్యలో రంధ్రం చేసి లోపలి స్క్రూ దాకా వెళ్లి, ఎక్స్‌రేలో కనిపించిన ఆకారాన్ని బట్టి డ్రైవర్లను ఒక్కొక్కటిగా పెట్టి చూస్తే ఐదోదో ఆరోదో కుదిరింది. క్యాప్ చేతిలోకి వచ్చాక దాని అడుగున, నాలుక వైపు, నూకగింజంత సిమెంటు ముక్క పసుపు రంగులో అంటుకుని ఉంది.

శుభ్రం చేసే పనిముట్ల మీద వాదాలు ఎప్పటికీ తెగవు. మామూలు ఉక్కు పరికరాలు టైటానియం మీద గీతలు పెడతాయి కాబట్టి టైటానియం క్యూరెట్లు (గోకే పరికరాలు), పీక్ అనే ప్లాస్టిక్ తొడుగున్న అల్ట్రాసోనిక్ కొసలు, గ్లైసిన్ లేదా ఎరిథ్రిటాల్ పొడిని నీటితో కలిపి చిమ్మే ఎయిర్ పాలిషింగ్, ఎర్బియం లేజర్ లాంటివి వాడతారు. వీటిలో ఏ ఒక్కటీ మిగతావాటి మీద తిరుగులేని ఆధిక్యం చూపలేదు. లేజర్ అనగానే రోగి మనసులో కలిగే భరోసాకు తగినంత రుజువు లేదు. ఏ పనిముట్టు వాడారన్న దాని కంటే, ఆ సందు అడుగుదాకా చేరారా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఎనిమిది మిల్లీమీటర్ల లోతున్న సందులో, కంటికి కనబడకుండా, స్క్రూ చుట్ల కింది వంపుల్లోకి ఏ కొస అయినా వెళ్లడం చాలా కష్టం.

ఆరు నుంచి పన్నెండు వారాల తర్వాత మళ్లీ ప్రోబ్‌తో కొలుస్తారు. సందు ఐదు మిల్లీమీటర్లకు మించకుండా, ఒకటి కంటే ఎక్కువ చోట్ల రక్తం రాకుండా, చీము లేకుండా ఉంటే గెలిచినట్టే. పెద్దమ్మ ముందు ఇంప్లాంట్ ఈ పరీక్షలో నెగ్గింది. వెనకది ఏడు మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయింది.

తెరిచి చూసినప్పుడు

సర్జరీ అసలు ఉద్దేశం కోయడం కాదు, కళ్లతో చూస్తూ శుభ్రం చేయడం. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిగురును ఇంప్లాంట్ ముందూ వెనకా కోసి తలుపులా తెరుస్తారు. లోపల మొదట కనిపించేది ఎముక కాదు, గుంట నిండా ఉన్న ఎర్రటి మెత్తని కండ. ముట్టుకుంటే రక్తం చిమ్మే ఆ కండను గోకి తీసేస్తే, అప్పుడు బయటపడుతుంది మూకుడు లాంటి గుంట, దాని నడుమ బూడిద రంగులో స్క్రూ చుట్లు.

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఎముక బాగా అతుక్కోవడానికి నేటి ఇంప్లాంట్ల ఉపరితలాన్ని ఇసుక లాంటి రేణువులతో కొట్టి, ఆమ్లంలో ముంచి కావాలనే గరుకు చేస్తారు. ఆ గరుకుదనం ఒకటి రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) స్థాయిలో ఉంటుంది. బ్యాక్టీరియా పరిమాణం కూడా ఇంచుమించు అంతే. ఎముక కణాల కోసం చేసిన గుంటలు సూక్ష్మజీవులకు సరిగ్గా అమరిన గదులయ్యాయన్నమాట. స్వీడన్‌లో 100 మంది రోగుల మీద జరిగి 2016లో వెలువడిన పరిశోధన దీన్ని అంకెల్లో చూపించింది: సర్జరీ తర్వాత ఏడాదికి నునుపు ఉపరితలమున్న ఇంప్లాంట్లలో 79 శాతం చికిత్స ఫలిస్తే, గరుకు ఉపరితలమున్న వాటిలో 34 శాతమే ఫలించింది. మొదట్లో వరంగా తోచిన గుణమే జబ్బు చేసిన రోజున శాపమైంది.

శుభ్రం చేయడానికి టైటానియం తీగల బ్రష్షులు, సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎయిర్ పాలిషింగ్ వాడతారు. ఈ మధ్య ఇంకో పద్ధతి వచ్చింది. ఇంప్లాంట్‌కు స్వల్పంగా విద్యుత్తు ఇచ్చి, లవణ ద్రావణం నుంచి పుట్టే హైడ్రోజన్ బుడగలతో పాచి పొరను అడుగు నుంచి లేపేస్తారు. ఆలోచన చక్కగా ఉంది, దీర్ఘకాలిక ఫలితాలు రావాలి. సూక్ష్మజీవులను చంపే క్లోర్‌హెక్సిడిన్ మందుతో కడగడం వల్ల మాత్రం సెలైన్‌తో కడిగిన దాని కంటే అదనపు ప్రయోజనం లేదని పైన చెప్పిన 2016 నాటి స్వీడిష్ పరిశోధనే తేల్చింది.

తర్వాతి నిర్ణయం గుంట ఆకారాన్ని బట్టి ఉంటుంది. గుంటకు చుట్టూ గోడలు నిలిచి ఉండి, లోతు మూడు మిల్లీమీటర్లకు తక్కువ కాకపోతే ఎముక పొడితో నింపే ప్రయత్నం చేయవచ్చు. గోడలు లేకుండా ఎముక చదునుగా దిగిపోతే పొడి నిలవదు. అప్పుడు ఎముక అంచులను సరిచేసి, చిగురును కిందికి దించి కుట్టేస్తారు. స్క్రూ చుట్లు నోటిలోకి బయటపడతాయి. చూడటానికి బాగుండదు గానీ బ్రష్‌కు అందుతాయి. కొందరు ఆ చుట్లను అరగదీసి నునుపు చేస్తారు. సన్నని ఇంప్లాంట్లను అలా అరగదీస్తే విరిగే ప్రమాదం ఉంది. నవ్వితే కనబడే ముందు పళ్ల దగ్గర ఈ పద్ధతిని ఎవరూ ఇష్టపడరు.

ఎముక పొడి గురించి రెండు సంగతులు. సర్జరీ తర్వాత ఎక్స్‌రేలో గుంట తెల్లగా నిండినట్టు కనిపిస్తే ఎముక తిరిగి వచ్చిందని సంబరపడతారు. ఆ తెలుపు పొడి రేణువులదే కావచ్చు. లోహానికి ఎముక మళ్లీ అతుక్కుందా లేదా అన్నది ఎక్స్‌రే చెప్పలేదు. జంతువుల్లో కొంతమేరకు మళ్లీ అతుక్కోవడం చూశారు, మనిషిలో దాన్ని తేల్చాలంటే ఇంప్లాంట్‌ను ఎముకతో సహా కోసి చూడాలి. రెండో సంగతి, ఎక్కువగా వాడే పొడి పశువుల ఎముక నుంచి శుద్ధి చేసి తీసినది. మన ఇళ్లలో కొందరికి ఇది తెలిస్తే అభ్యంతరం ఉంటుంది. కృత్రిమంగా తయారైన పొడులూ ఉన్నాయి కాబట్టి, ముందే అడగడంలో మొహమాటం అక్కరలేదు.

మాత్రల వల్ల తగ్గుతుందా

చీము కనబడగానే మందుల షాపుకు వెళ్లి అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ కొనుక్కుని ఐదు రోజులు వేసుకోవడం మన ఊళ్లలో మామూలే. చీము ఆగుతుంది. అక్కడే మోసపోతాం. పాచి పొర జిగురు తొడుగులో దాక్కున్న సూక్ష్మజీవులకు రక్తం ద్వారా వచ్చే మందు పూర్తిగా అందదు. లోహం మీది పొర అలాగే ఉంటుంది, ఎముక కరగడం చప్పుడు లేకుండా సాగుతుంది. కోత లేని చికిత్సకు తోడుగా యాంటీబయాటిక్ మాత్రలను మామూలుగా వాడవద్దని 2023 మార్గదర్శకాలు సిఫారసు చేస్తున్నాయి. సర్జరీతో పాటు ఇచ్చినప్పుడు కూడా, 2016 నాటి పరిశోధనలో గరుకు ఇంప్లాంట్లకు ఏడాది వరకు కనిపించిన లాభం మూడేళ్లకు నిలవలేదు. జ్వరం, ముఖం వాపు లాంటివి ఉంటే సంగతి వేరు, అప్పుడు మాత్రలు తప్పనిసరి కావచ్చు.

ఎప్పుడు తీసేయాలి అన్న ప్రశ్నకు కచ్చితమైన గీత లేదు. కదిలితే తీసేయాలి. ఎముక మూడింట రెండు వంతులు పోయి, పక్క పన్ను వేరు దాకా గుంట పాకుతుంటే, మరో సర్జరీకి ఖర్చుపెట్టడం కంటే తీసేయడమే మేలని చెప్పే డాక్టరు నిజాయతీపరుడు. వ్యతిరేక దిశలో తిప్పే ప్రత్యేకమైన రెంచీతో చాలా ఇంప్లాంట్లను ఎముకకు పెద్దగా నష్టం లేకుండా తీయవచ్చు. ఆ స్థానంలో ఎముక మానాక ఇంకొకటి వేయవచ్చు గానీ, రెండోసారి వేసినవి నిలిచే అవకాశం మొదటిసారి కంటే తక్కువగానే ఉంటుంది.

నిలిపితే నిలుస్తుంది

సర్జరీ ఎంత బాగా జరిగినా, తర్వాత క్రమం తప్పకుండా చూపించుకోకపోతే జబ్బు తిరగబెడుతుంది. ఒకసారి ఈ జబ్బు చేసినవారికి మూడు నుంచి ఆరు నెలలకొకసారి ప్రోబ్‌తో కొలిచి శుభ్రం చేయించుకోవడం చికిత్సలో భాగమే, అదనపు సేవ కాదు. సెలవులకు అమెరికా నుంచీ గల్ఫ్ నుంచీ వచ్చి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంప్లాంట్లు వేయించుకుని వెళ్లేవారికి ఇది మరీ ముఖ్యం. తిరిగి వెళ్లిన దేశంలో ఎవరు చూడాలో ముందే అనుకోవాలి. కంపెనీ పేరు, మోడల్, వెడల్పు, పొడవు, లాట్ నంబరు రాసిన కార్డునూ, క్యాప్ బిగించిన రోజు ఎక్స్‌రేనూ ఫోనులో దాచుకోవాలి. మెడికల్ షాపులో మాత్రల పేరు చెప్పగలిగిన మనం మన ఎముకలో ఉన్న వస్తువు పేరు చెప్పలేకపోవడం విచిత్రమే.

పెద్దమ్మ వెనక ఇంప్లాంట్‌కు ఒకవైపు గోడ లేకపోవడంతో పొడి వేయలేదు. చిగురు దించి కుట్టారు, కొత్త క్యాప్‌ను అడుగున సన్నగా, స్క్రూతో బిగించేలా చేయించారు. ఆరు నెలల తర్వాత సందు నాలుగు మిల్లీమీటర్లకు వచ్చింది, రక్తం ఒక్కచోటే కనిపించింది. స్క్రూ చుట్లు రెండు బయట ఉన్నాయి, కరివేపాకు ఈనె వాటిలో ఇరుక్కుంటోందని ఆమె ఫిర్యాదు. రాత్రి పడుకునే ముందు అద్దం దగ్గర నిలబడి, సన్నని ఇంటర్‌డెంటల్ బ్రష్‌ను ఆ చుట్ల మధ్యకు దూర్చి, ముందుకూ వెనక్కూ పదిసార్లు లాగుతుంది. లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచీ మొదలుపెడుతుంది.